పరుగెత్తు అక్షరములు

ఇంగ్లీషు భాషలో అచ్చయిన పాత గోడప్రకటనలను పరిశీలించినచో వానిలో ఒక విధమైన అక్షరము తరచుగా కనబడును. అది పొడవైనది, వెడల్పు తక్కువ, తిన్నగా నిలువక కుడివైపునకు కొంచెము వాలి యుండును, గీతల చివరల ఎట్టి అలంకారమును లేక నున్నగా ముగియును. మోటారు పందెములు, రైలుబండ్లు, ఆటల పోటీలు, సినిమాలు, వార్తాపత్రికల పెద్ద శీర్షికలు మొదలగు వానియందు ఇట్టి అక్షరము విరివిగా వాడబడినది. గడచిన కాలపు సొగసును తలపునకు తెచ్చుటకు నేటి చిత్రకారులును దానినే యెన్నుకొనుచుందురు.

దారిన పోవువాడు ప్రకటనను చదువును గాని అక్షరమును చూడడు. పందెమెప్పుడు, స్థలమెక్కడ, టిక్కెట్టు వెల యెంత అన్నంతవరకే అతనికి పని. దాహము తీరినవానికి చెంబు ఆకారము గుర్తుండదు గదా! కాని ఆ అక్షరమును ఒక్కక్షణము నిలిచి చూచినచో అందు మూడు కథలు కనబడును. దాని వాలు 1501వ సంవత్సరమున వెనిసు నగరమునందు పుట్టినది. దాని నునుపు 1816లో లండను నగరమున పుట్టినది. దాని ఇరుకు పందొమ్మిదవ శతాబ్దపు వర్తకుల పోటీలో పుట్టినది. ఈ మూడింటి వెనుకను ఏదో యొక అవసరము కలదు. ఎవరిదో చేతిపని కలదు. ఒకచోట తీరని మనోవ్యథయు కలదు.

1. వాలిన అక్షరము

పదునైదవ శతాబ్దపు నడుమ జర్మనీ దేశమున గూటెన్‌బర్గు విడి అక్షరములతో పుస్తకములను అచ్చువేయు విధానమును నెలకొల్పెను. ఆ పద్ధతిలో ఒక్కొక్క అక్షరమును ముందుగా ఉక్కుకడ్డీ చివర తలక్రిందుగాక, అద్దములో కనబడినట్లు ఎడమకుడులు తారుమారుగా చెక్కవలెను. ఆ కడ్డీని రాగిముక్కపై మోదినచో గుంట యేర్పడును. ఆ గుంటలో సీసము, తగరము, ఆంటిమొని కలిపి కరగించిన లోహమును పోసిన యెడల అచ్చు అక్షరము తయారగును. వెండ్రుకవాసి తేడా వచ్చినను అక్షరము చెడును. అందుచేత ఉక్కుపై అక్షరములు చెక్కువారికి కంసాలి చేతి నేర్పు కావలసి యుండెను.

పదునైదవ శతాబ్దము ముగియు కాలమున వెనిసులో ఆల్డస్ మనూషియస్ అను పండితుడు ముద్రాలయమును నడపుచుండెను. అతడు మొదట ఉపాధ్యాయుడు. ప్రాచీన గ్రీకు, లాటిను గ్రంథములను చక్కని పాఠముతో ప్రజలకు అందించుట అతని జీవితాశయము. అతని యొద్ద బొలోన్యా నగరమునుండి వచ్చిన ఫ్రాంచెస్కో గ్రిఫో అను శిల్పి పనిచేయుచుండెను. ఇతడు ఒక కంసాలి కుమారుడు. ఆల్డసు ముద్రించిన గ్రీకు, లాటిను గ్రంథములకు కావలసిన అక్షరములను ఇతడే ఉక్కుపై చెక్కి యిచ్చెను.

ఆ కాలపు పుస్తకములలో చాల భాగము పెద్దవి, బరువైనవి. వానిని బల్లపై పెట్టుకొని చదువవలెను. చేతిలో పట్టుకొని, వెంట తీసికొని పోదగిన చిన్న పుస్తకములను వేయవలెనని ఆల్డసు సంకల్పించెను. అట్టి పుస్తకమునకు ఎట్టి అక్షరము తగును? ఇటలీ దేశపు కచ్చేరీలలో వ్రాయసకాండ్రు త్వరగా వ్రాయు చేతివ్రాత యొకటి యుండెను. కలము వేగముగా సాగుటచే ఆ వ్రాత సహజముగా కుడివైపునకు ఒరగును. అక్షరములు ఇరుకుగా దగ్గరదగ్గరగా పడును. విద్యావంతులకు అది కంటికి అలవాటైన వ్రాత. గ్రిఫో ఆ చేతివ్రాతను చూచి ఉక్కుపై అక్షరములు చెక్కెను. 1501లో వర్జిల్ మహాకవి కావ్యములు ఆ వాలు అక్షరములలో చిన్న పుస్తకముగా వెలువడెను. ఇటలీలో పుట్టిన కారణముచేత ఆ అక్షరమునకు తరువాత ఇటాలిక్ అను పేరు స్థిరపడినది. ఆ మొదటి పుస్తకములలో చిన్న అక్షరములు మాత్రమే వాలియుండెను. పంక్తి మొదట వచ్చు పెద్ద అక్షరములు తిన్నగానే నిలిచియుండెను. పెద్ద అక్షరములును వాలుట తరువాతివారు చేసిన మార్పు.

ఆ పుస్తకపు మొదట ఆల్డసు ఒక చిన్న పద్యమును చేర్చి, బొలోన్యా ఫ్రాంచెస్కో చేతులను గ్రీకు పురాణములలోని మహాశిల్పి డెడాలసు చేతులతో పోల్చి ప్రశంసించెను. పనివానికి ఆ గౌరవము దక్కుట ఆనాడు సామాన్యమైన విషయము కాదు. కాని ఆ సంతోషము ఎంతోకాలము నిలువలేదు. 1502లో వెనిసు ప్రభుత్వము ఈ వాలు అక్షరమును వాడుటకు ఆల్డసునకు ప్రత్యేకమైన హక్కును ప్రసాదించెను. హక్కు ముద్రాపకునిది, చెక్కినవానిది కాదు. తన చేతితో తాను పుట్టించిన అక్షరమును వెనిసు రాజ్యమున మరియొకరికి చెక్కి యిచ్చు వీలు గ్రిఫోకు లేకపోయెను. అతడు వెనిసును విడిచి ఫానో అను పట్టణమునకు పోయి, అచట సొంచీనో అను ముద్రాపకునకు క్రొత్తగా వాలు అక్షరములను చెక్కి యిచ్చెను. సొంచీనో 1503లో ప్రకటించిన పుస్తకపు అంకిత వాక్యములలో, ఈ అక్షరమును కనిపెట్టినవాడు ఫ్రాంచెస్కోయే గాని వేరొకరు కారని లోకమునకు చాటెను.

ఇచట మరియొక విచిత్రము జరిగినది. వెనిసు ప్రభుత్వపు ఆజ్ఞ ఫ్రాన్సు దేశమున చెల్లదు. లియాన్ నగరపు ముద్రాపకులు ఆల్డసు పుస్తకములకు నకళ్లు వేసి అమ్మజొచ్చిరి. ఆల్డసు ఆగ్రహించి, 1503లో ఒక హెచ్చరిక పత్రమును ప్రకటించి, నకలు పుస్తకములలోని తప్పులను ఒక్కొక్కటిగా చూపి, ఆ తప్పులనుబట్టి దొంగ పుస్తకమును గుర్తింపుడని పాఠకులను కోరెను. లియానువారు ఆ పట్టికను చక్కగా ఉపయోగించుకొని తమ పుస్తకములలోని తప్పులను దిద్దుకొనిరి! శాసనముచేత అక్షరమును బంధింపజూచిన ఆల్డసునకు శాసనము తోడ్పడలేదు. ఏబది సంవత్సరములు తిరుగకముందే వాలు అక్షరము ఐరోపా అంతటను వ్యాపించెను.

తొలుత మొత్తము పుస్తకమును వాలు అక్షరములతోనే అచ్చువేసెడివారు. కాలక్రమమున తిన్నని అక్షరములే పుస్తకమునకు ముఖ్యమై, ఒక మాటను ప్రత్యేకముగా ఎత్తిచూపుటకు మాత్రము వాలు అక్షరము మిగిలినది.

2. నున్నని అక్షరము

రోమను చక్రవర్తుల శిలాశాసనములను చూచినచో ప్రతి గీత చివరను చిన్న అడ్డుగీత యొకటి కనబడును. దానిని ఇంగ్లీషువారు సెరిఫ్ అందురు. స్తంభమునకు పీఠమెట్టిదో అక్షరమునకు ఆ అడ్డుగీత యట్టిది. అచ్చు అక్షరములును ఆ శాసనముల పోలికనే చెక్కబడుటచే, మూడువందల యేండ్లకు పైగా ఐరోపా పుస్తకములలోని రోమను అక్షరములన్నియు ఈ పీఠముతోనే నిలిచెను.

1816లో లండను నగరమున నాలుగవ విలియం కేస్లన్ అనునతడు తన అక్షరముల నమూనా పుస్తకములో ఒక పంక్తిని చేర్చెను. అందులో పెద్ద అక్షరములు మాత్రమే కలవు. గీతలన్నియు ఇంచుమించు ఒకే లావు. చివరల అడ్డుగీతలు లేవు. అచ్చు అక్షరములలో సెరిఫ్ లేని మొట్టమొదటి లాటిను అక్షరము ఇదియే. కేస్లన్ వంశమువారు తరతరములుగా అక్షరములు పోతపోయు వారు. ఇతని ముత్తాత చెక్కిన అక్షరములు పదునెనిమిదవ శతాబ్దమున ఇంగ్లండు దేశమంతట ప్రసిద్ధములు. అట్టి యింట పుట్టినవాడు తాతముత్తాతల పద్ధతికి పూర్తిగా భిన్నమైన అక్షరమును చేసెను. కాని దానిని కొనువారు ఆనాడు లేకపోయిరి. 1819లో అతడు తన పోతశాలను షెఫీల్డు నగరపు వర్తకులకు అమ్మివేసెను.

పదునైదు సంవత్సరములు గడచిన పిమ్మట అదే యక్షరము ఇతరుల నమూనా పుస్తకములలో కనబడసాగెను. 1832 ప్రాంతమున విన్సెంట్ ఫిగిన్స్ దానిని సాన్‌సెరిఫ్ అనెను. సాన్ అనగా ఫ్రెంచి భాషలో లేనిది అని యర్థము. అదే కాలమున థొరోగుడ్ అను మరియొక పోతగాడు దానికి గ్రొటెస్క్ అని పేరుపెట్టెను. ఆ మాటకు వికారమైనదని యర్థము. అమ్మజూపువాడే తన సరకును వికారమని పిలిచినాడనిన, ఆ కాలపువారి కంటికి ఈ నున్నని అక్షరము ఎంత వింతగా తోచెనో ఊహింపవచ్చును. ఆ పేరు మాసిపోలేదు. నేటికిని ఆ జాతి అక్షరములకు గ్రొటెస్క్ అను పేరు వాడుకలో నున్నది. ఒకనాడు నిందగా తగిలిన మాట కాలక్రమమున వంశనామమైనది.

ఈ అక్షరము ఎందులకు నిలిచినది? ఆ కాలమున ఇంగ్లండులో యంత్రములు పెరుగుచుండెను, సరకులు పెరుగుచుండెను, సరకులను గూర్చి చాటుటకు గోడలపై ప్రకటనలు పెరుగుచుండెను. పుస్తకపు అక్షరము మెల్లగా మాటలాడును. గోడమీది అక్షరము కేక వేయవలెను. దూరమునుండి చూచునప్పుడు సన్నని అడ్డుగీతలు కంటికి ఆనవు. లావైన సరళరేఖలే ముందు కనబడును. అందుచే పుస్తకమున చోటు దొరకని అక్షరమునకు వీథిలో చోటు దొరకెను.

3. ఇరుకైన అక్షరము

ఇక మూడవ గుణమునకు గణితము మూలము. ఒక కాగితము వెడల్పు 20 అంగుళములు. దానిపై పది అక్షరముల మాటను ఒకే పంక్తిలో అచ్చువేయవలెను. ఒక్కొక్క అక్షరమునకు దక్కునది 2 అంగుళముల వెడల్పు. అక్షరపు వెడల్పును ఎత్తును సమానమైనచో ఎత్తు 2 అంగుళములకు మించదు. కాని వెడల్పు ఎత్తులో మూడవ వంతుగా నుండు ఇరుకైన అక్షరము చేసికొన్నచో అదే కాగితముపై, అదే మాట, 6 అంగుళముల యెత్తున నిలుచును. కాగితము ఖర్చు పెరుగలేదు. కేక మూడింతలు పెరిగినది. నాటకశాలల వారును, వర్తకులును ఈ రహస్యమును త్వరలోనే గ్రహించిరి.

అయితే అంత పెద్ద అక్షరములను లోహముతో పోయుట కష్టము. అవి బరువు, ఖరీదు, చల్లారునప్పుడు లోహము సమముగా కుదురదు. 1827లో న్యూయార్కు నగరమున డేరియస్ వెల్స్ అను ముద్రాపకుడు కొయ్యపై అక్షరములను యంత్రముతో తొలిచి తయారుచేయు ఉపాయమును కనిపెట్టెను. వేగముగా తిరుగు ఉలి అక్షరమునకు చుట్టునుగల కొయ్యను తొలిచివేయును. మరుసటి సంవత్సరమున అతడు తన కొయ్య అక్షరముల నమూనా పుస్తకమును ప్రకటించెను. 1834లో విలియం లెవెన్‌వర్త్ అనునతడు ఆ యంత్రమునకు పాంటోగ్రాఫ్ అను పరికరమును జతచేసెను. ఒక నమూనా వెంబడి ఒక చివరను నడిపినచో, రెండవ చివర అదే రూపమును పెద్దదిగానో చిన్నదిగానో చెక్కును. ఒక్క నమూనానుండి వేర్వేరు పరిమాణముల అక్షరములు వచ్చుటకు మార్గమేర్పడినది.

ఇచట ఒక మెలకువ కలదు. అక్షరమును ఇరుకు చేయుటయనగా దానిని ప్రక్కలనుండి నొక్కుట కాదు. వెడల్పును సగము చేసినచో నిలువుగీతల లావును సగమగును. అడ్డుగీతల లావు మాత్రము మారదు. అక్షరము నడుము సన్నగిల్లి, తలయు పాదములును లావెక్కి రోగిష్ఠివలె కనబడును. కావున నేర్పరియైన శిల్పి ఇరుకైన అక్షరమును మొదటినుండి మరల గీయును. నిలువుగీతల లావును కాపాడును. గుండ్రని భాగములను చదునుచేసి నిలువు పక్కలు గల దీర్ఘరూపమునకు తెచ్చును. లోపలి ఖాళీ పూడిపోకుండ జాగ్రత్తపడును. అమెరికాలో మోరిస్ ఫుల్లర్ బెంటన్ 1903లో చేసిన ఆల్టర్నేట్ గోథిక్ అను అక్షరము ఈ విద్యకు మంచి యుదాహరణము. పత్రికా శీర్షికలలో మాటకు తగిన చోటు కుదురునట్లు అతడు దానిని మూడు వెడల్పులలో గీసెను.

వాలు విషయమునను ఇదే న్యాయము. తిన్నని అక్షరమును ఊరక ప్రక్కకు త్రోసినచో గుండ్రని గీతలు ఒక మూల లావెక్కి, ఎదుటి మూల సన్నగిల్లును. సున్నావంటి అక్షరము కాలుజారిన గుడ్డువలె ఒరగును. ఆ వికారమును చేతితో దిద్దినగాని వాలు అక్షరము నిలకడగా కనబడదు. వాలియుండియు పడిపోనట్లు కనబడుటయే దాని సొగసు.

4. వాలుట వేగమెట్లయినది?

గ్రిఫో చెక్కిన వాలు అక్షరమునకు వేగముతో సంబంధము లేకపోలేదు. కాని అది కలపు వేగము. యంత్రముల వేగమును వాలుచేత చూపుట ఇరువదవ శతాబ్దపు అలవాటు. దానికొక చిత్రమైన దృష్టాంతము కలదు.

ఫ్రాన్సు దేశమున జాక్ ఆన్రి లార్టీగ్ అను యువకుడు ఆ శతాబ్దపు రెండవ దశకమున ఒక మోటారు పందెమును ఫొటో తీసెను. ఆ చిత్రములో కారు చక్రము గుండ్రముగా లేదు. ముందునకు వాలిన కోడిగ్రుడ్డువలె నున్నది. ఒడ్డున నిలిచిన జనులు వెనుకకు ఒరిగి యున్నారు. కారణమేమనగా, ఆ కెమేరాలోని తెరయందు సన్నని చీలిక ఉండును. చీలిక కదలుకొలది చిత్రము భాగభాగములుగా పడును. చక్రపు అడుగుభాగము ముందు పడి, పైభాగము తరువాత పడునంతలో కారు కొంత ముందునకు సాగినది. అందుచే చక్రము వాలినది. పారు బండి వెంబడి కెమేరాను త్రిప్పుటచే నిలిచియున్న జనులు ఎదురు దిశకు ఒరిగిరి. పరికరపు లోపము కంటికి వేగముగా తోచినది! చిత్రకారులును పరుగెత్తు వానిని, పరుగెత్తు బండిని ముందునకు వంచి గీయుట మనకు తెలిసినదే.

పందెమున పరుగెత్తువాడు సహజముగా ముందునకు వంగును. ఎదురుగాలిలో నడచువాడును వంగును. కన్ను ఈ యనుభవమును మరువదు. అందుచేత వాలిన, ఇరుకైన, నున్నని అక్షరమును చూడగానే మనస్సు వేగమును తలచుకొనును. వాలు కదలికను, ఇరుకు తొందరను, నునుపు లోహపు యంత్రమును స్ఫురింపజేయును. మూడు వేర్వేరు కాలములలో పుట్టిన మూడు గుణములు ఈ విధముగా ఒక్క భావమునకు సేవకులైనవి.

5. అంకెల వంశవృక్షము

అక్షరముల జాతులు పెరిగిన కొలది పేర్ల గందరగోళమును పెరిగెను. ఒక దేశమున గ్రొటెస్క్ అనబడునది మరియొక దేశమున గోథిక్ అనబడెను. ఈ చిక్కును తీర్చినవారిలో ఏడ్రియన్ ఫ్రూటిగర్ ముఖ్యుడు. ఇతడు 1928లో స్విట్జర్లండు దేశమున జన్మించి, బాల్యముననే ముద్రాలయమున కంపోజిటరు పనిని అభ్యసించెను. తరువాత పారిస్ నగరము చేరి, 1957లో యూనివర్స్ అను అక్షర కుటుంబమును వెలువరించెను. ఒకే రూపమునుండి ఇరువదియొక్క భేదములను మొదటనే యోచించి గీయుట అందలి విశేషము.

ఫ్రూటిగర్ ఆ భేదములకు పేర్లకు మారుగా రెండంకెల సంఖ్యలను ఇచ్చెను. మొదటి అంకె గీతల లావును తెలుపును. రెండవ అంకె వెడల్పును, వాలును తెలుపును. 55 సాధారణమైన అక్షరము. 56 దాని వాలు రూపము. 57 ఇరుకైనది. 58 ఇరుకై వాలినది. రెండవ అంకె బేసియైనచో అక్షరము తిన్ననిది, సరియైనచో వాలినది. అట్లే 65 లావైన అక్షరము. కావున 68 అనగా ఏమియో విద్యార్థులు తామే చెప్పగలరు. 1501లోని వాలు, 1816లోని నునుపు, కొయ్య అక్షరముల కాలపు ఇరుకు – మూడును కలిసి ఇచట ఒక చిన్న సంఖ్యలో ఒదిగినవి.

1965లో జెఫ్రీ లీ అను ఆంగ్లేయుడు ఇంపాక్ట్ అను లావైన ఇరుకు అక్షరమును గీసెను. దానిని పోతపోసినవారు షెఫీల్డు నగరపు స్టీవెన్సన్ బ్లేక్ సంస్థవారు. 1819లో కేస్లన్ అమ్మివేసిన పోతశాలను కొనిన వర్తకుల వారసులు వీరే. కొనువారు లేక చేతులు మారిన అక్షరపు వంశము అదే యింట నూటనలుబది యేండ్లకు పైబడి వర్ధిల్లినది. ఇంపాక్ట్ తరువాత కంప్యూటర్లలో చేరి లోకమంతట వ్యాపించినది.

6. తగిన చోట తగిన అక్షరము

కేక వేయుట ఎంత గొప్ప గుణమైనను అన్నివేళల తగదు. ఇరుకై వాలిన అక్షరము నాలుగు మాటల శీర్షికకు తగును. నలుబది పుటల పాఠమునకు తగదు. ఇరుకులో అక్షరముల లోపలి ఖాళీలు తగ్గును. ఒక అక్షరమునకును మరియొక అక్షరమునకును గల భేదము మాయును. కన్ను త్వరలో అలయును.

కొన్నిచోట్ల ఈ వివేకము ప్రాణములకు సంబంధించినది. 1957 తరువాత ఇంగ్లండులో మోటారు రహదారులు నిర్మింపబడునప్పుడు, వేగముగా పోవు బండినుండి దారి సూచనలను చదువుట ఎట్లను ప్రశ్న పుట్టెను. ఆ పని జాక్ కినియర్, మార్గరెట్ కాల్వర్ట్ అను ఇద్దరు చిత్రకారులకు అప్పగింపబడెను. బండ్లు వేగముగా పోవును గనుక వేగమును చూపు వాలు అక్షరము తగునని తొందరపాటున తోచవచ్చును. వారట్లు చేయలేదు. పందెపు ప్రకటన చూచువాని మనస్సులో వేగమును పుట్టింపవలెను. దారి సూచన వేగములో నున్నవానికి నిలకడగా కనబడవలెను. కావున వారు తిన్నని, విశాలమైన, నున్నని అక్షరమును ఎన్నుకొనిరి. అక్షరముల నడుమ చాలినంత ఎడముంచిరి. ఒక అక్షరము మరియొకదానివలె భ్రమ గొలుపకుండ, నిలువుగీత మాత్రముగా నుండు ఎల్ అక్షరమునకు క్రింద చిన్న వంపును చేర్చిరి. 1965 జనవరినుండి ఆ దేశపు రోడ్లన్నిటికిని ఇట్టి సూచనలే నిర్ణయమైనవి. ఆ చిన్న వంపును మెచ్చుకొన్న ప్రయాణికుడు ఉండడు. దానివలన దారి తప్పనివారు మాత్రము లెక్కకు మిక్కిలి.

తెలుగు అక్షరముల విషయమునను ఈ పాఠము గమనింపదగినది. తెలుగు లిపికి సెరిఫ్ లేదు. తలకట్టు అలంకారము కాదు, అక్షరములో భాగము. మన ప్రాచీన ముద్రణలో వాలు అక్షరపు సంప్రదాయమును లేదు. మన అక్షరములు గుండ్రనివి. గుణింతపు గుర్తులు పైకి, ఒత్తులు క్రిందికి సాగును. రాష్ట్రము, స్వాతంత్ర్యము వంటి మాటలలో ఒకదానిక్రింద ఒకటిగా, ప్రక్కప్రక్కగా ఒత్తులు చేరును. ప, షలకు లోపలి చిన్నగీత మాత్రమే భేదము. ధ, థలకు నడిమి చుక్క మాత్రమే భేదము. ఇట్టి యక్షరములను కంప్యూటరులో మీట నొక్కి ప్రక్కలనుండి నొక్కినను, కుడివైపునకు త్రోసినను, చుక్క పూడిపోవును, గీత కలిసిపోవును, అర్థము చెడును. తెలుగునకును ఇరుకైన శీర్షికాక్షరము సాధ్యమే. చేతితో అట్టి యక్షరములను చక్కగా వ్రాసిన ప్రకటన చిత్రకారులు మనలో ఎందరో కలరు. కాని వారు అక్షరమును నొక్కలేదు, మరల గీసిరి. ఏ భాగము తగ్గినను అక్షరము అక్షరముగా నిలుచునో, ఏ భాగము తగ్గినచో అది వేరొక అక్షరమగునో తెలిసియే గీసిరి.

ఉక్కుపై చెక్కుట పోయినది. కొయ్యపై తొలుచుటయు పోయినది. నేడు అక్షరము తెరపై పుట్టి తెరపైననే కోట్లకొలది జనులకు చేరుచున్నది. సాధనములు మారినను చేయవలసిన ఆలోచన మాత్రము మారలేదు. చదువువాడెవడు, ఎంత దూరమునుండి చదువును, ఎంత తొందరలో చదువును అను ప్రశ్నలకు సమాధానము చెప్పినవాడే మంచి అక్షరమును చేయగలడు.

ఇటాలిక్ అను మాటలో ఒక దేశపు పేరు నిలిచినది. ఆల్డసు పేరు పుస్తక చరిత్రలలో నిలిచినది. ఉక్కుకడ్డీ చివర మొదటి వాలు అక్షరమును చెక్కిన ఫ్రాంచెస్కో గ్రిఫో పేరును ఎరిగినవారు కొలదిమంది. అయినను ప్రపంచమున ఎచట ఒక మాట కుడివైపునకు వాలి అచ్చయినను, అచట ఆ కంసాలి కుమారుని చేతి నేర్పు కొంత దాగియున్నది. గోడమీది ప్రకటనను చదివినవాడు విషయమును గ్రహించును. ఒక్కక్షణము నిలిచి చూచినవాడు మనుష్యుని శ్రమను గ్రహించును.

ప్రశ్నలు

1. ఆల్డసు చిన్న పుస్తకములను వేయ సంకల్పించుటకు కారణమేమి? అందులకు ఎట్టి చేతివ్రాతను ఆధారముగా గొనిరి?
2. గ్రిఫో వెనిసును విడుచుటకు దారితీసిన పరిస్థితులను వివరింపుము. అతనికి న్యాయము జరిగినదని నీవు తలంతువా?
3. అక్షరమును ప్రక్కలనుండి నొక్కుటకును, ఇరుకుగా మరల గీయుటకును గల భేదమేమి?
4. పందెపు ప్రకటనకు తగిన అక్షరము దారి సూచనకు ఏల తగదు?
5. యూనివర్స్ అక్షరములలో 57, 58, 68 అను సంఖ్యల యర్థమును తెలుపుము.
6. మీ యూరిలోని గోడప్రకటన నొకదానిని పరిశీలించి, అందలి తెలుగు అక్షరముల గుణదోషములను పది పంక్తులలో వ్రాయుము.